తీర్పు చెప్పేవాళ్లు ఏ దారిన వచ్చారు?

కొత్వాలును, వకీలును, ఐపీఎస్ అధికారిని కన్న నేల పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. ఠాణాలో, కోర్టులో, కౌన్సెలింగ్ గదిలో కూర్చునే మనిషి ఏం చదివాడు, ఏం చూసి వచ్చాడు అన్నదాని మీదే గట్టులాంటి మండలంలో ఒక పిల్ల బతుకు తేలుతుంది.

విత్తనాల కోసం పండించే సీడ్ పత్తి చేలో పని రెండు పూటల పని. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లేయాలి. తెల్లారాక మగ పువ్వు తెచ్చి, రాత్రి దాకా గిల్లిన మొగ్గలకు పుప్పొడి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఏ యంత్రమూ చేయలేని పని. ప్రతి మొక్కకూ, ప్రతి మొగ్గకూ చేత్తో చేయాల్సిందే. సన్నని వేళ్లయితే పని చురుగ్గా సాగుతుందన్న నమ్మకం ఒకవైపు, పిల్లలకిచ్చే కూలి తక్కువన్న లెక్క మరోవైపు. అందుకే క్రాసింగ్ రోజుల్లో నడిగడ్డ పల్లెల్లో బడి గదులు పలచబడుతూ వచ్చాయి.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డలో, గద్వాలకు నైరుతి దిక్కున, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉంది గట్టు మండలం. చేలో సీడ్ పత్తి, ఇంట్లో గద్వాల చీర నేసే మగ్గం, మాటలో తెలుగుతో కలిసిపోయిన కన్నడం. 2011 జనాభా లెక్కల్లో జోగులాంబ గద్వాల ప్రాంతపు అక్షరాస్యత 49.87 శాతం. తెలంగాణ జిల్లాలన్నిటిలోకీ ఇదే అట్టడుగు. అందులోనూ బాగా వెనకబడినది గట్టు. నీతి ఆయోగ్ 2023లో మొదలుపెట్టిన ఆకాంక్షిత బ్లాకుల జాబితాలో తెలంగాణ నుంచి గట్టు పేరు చేరడానికి కారణం ఈ వెనకబాటే.

ఇలాంటి చోట ఒక పత్తి చేలో పన్నెండేళ్ల పిల్ల పనిచేస్తూ అధికారుల కంట పడిందనుకుందాం. లేదా అదే పిల్లకు ఇంకో రెండేళ్లకు పెళ్లి ముహూర్తం పెట్టారని ఎవరో ఫోన్ చేశారనుకుందాం. అప్పటిదాకా ఆ పిల్లకు పరిచయం లేని ముగ్గురు ఒక్కసారిగా ఆమె జీవితంలోకి వస్తారు. మొదట ఠాణా నుంచి వచ్చే పోలీసు. ఆ తర్వాత పిల్ల ఎక్కడ ఉండాలో నిర్ణయించే పీఠం. చివరగా, పక్కన కూర్చుని ‘ఏమైంది తల్లీ’ అని అడగాల్సిన కౌన్సెలర్. ఈ ముగ్గురి చేతిలో ఉన్న చట్టం రాష్ట్రమంతటా ఒక్కటే. చేతులే వేరు. ఆ చేతులు ఇంతకుముందు ఏ పని చేశాయన్నది ఆ పిల్లకు ప్రాణంతో సమానమైన ప్రశ్న.

ఇది పాలమూరుకు కొత్త ప్రశ్న కాదు. శతాబ్దం కిందటే ఈ నేల నుంచి వెళ్లి పోలీసు కొలువులో, న్యాయవాద వృత్తిలో పేరు తెచ్చుకున్నవాళ్లు దీనికి తమ బతుకులతో ఒక జవాబు చెప్పి వెళ్లారు. ముందు వాళ్ల దారి చూద్దాం.

రాయణిపేట నుంచి కొత్వాలీ దాకా

వెంకటరామారెడ్డి 1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. ఆ రోజుల్లో సంస్థానంలో న్యాయమూ, పోలీసూ, పన్నూ అన్నీ దొర గడపలోనే. నిజాం రాజ్యపు పోలీసు శాఖలో చిన్న కొలువుతో మొదలై, అమీనుగా జిల్లాలు తిరిగి, మెట్టుమెట్టు ఎక్కుతూ 1920లో హైదరాబాద్ నగర కొత్వాలు అయ్యారాయన. ఇప్పటి మాటలో చెప్పాలంటే నగర పోలీసు కమిషనర్. ఆ పదవిని అందుకున్న మొదటి హిందువు. ఏడో నిజాం పాలనలో 1934 దాకా అదే పదవిలో కొనసాగి, రాజా బహద్దర్ బిరుదు పొందారు.

ఆయన వచ్చిన దారిని గమనించాలి. నేరుగా పెద్ద కుర్చీలోకి వచ్చిన మనిషి కాదు. ఠాణాలో ఫిర్యాదు రాసుకోవడం నుంచి మొదలుపెట్టినవాడు. పల్లెలో దొంగతనం ఎందుకు జరుగుతుందో, తగవు ఎక్కడ మొదలవుతుందో, పేదవాడు ఠాణా మెట్టెక్కడానికి ఎందుకు జంకుతాడో దగ్గరగా చూసినవాడు. ఆ అనుభవం ఆయన్ను లాఠీ దగ్గర ఆపలేదు. 1918లో, అంటే కొత్వాలు కావడానికి ముందే, సంస్థానాధీశుల, పెద్దల విరాళాలు కూడగట్టి హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ స్థాపించారు. పల్లె నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లాడికి నగరంలో తలదాచుకునే చోటు దొరకని కాలమది. తెలుగు ఆడపిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పాలని మాడపాటి హనుమంతరావు నడిపిన బడికీ ఆయన అండగా నిలిచారు. ఇవాళ నారాయణగూడలోని మహిళా కళాశాలా, తెలంగాణ పోలీసులకు శిక్షణ ఇచ్చే అకాడమీ ఆయన పేరునే మోస్తున్నాయి. ఒకే మనిషి పేరు ఖాకీ నేర్పే చోటా, ఆడపిల్లలు చదివే చోటా ఉండడం వెనక ఆయన బతుకంతా ఉంది.

ఇటిక్యాలపాడు వకీలు

కృష్ణకు ఇవతల, అలంపురం ప్రాంతంలోని ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి సొంతూరు. 1896 మే 28న పుట్టారు. బి.ఎల్. పట్టా పుచ్చుకుని వకాలత్ చేశారు. న్యాయవాదిగా ఆయనకు పేరూ డబ్బూ దొరికే దారి తెరిచే ఉంది. కానీ కోర్టు మెట్లెక్కగలిగినవాడికే అక్కడ న్యాయం దొరుకుతుందనీ, వెట్టి చేసేవాడికీ, తన భాషలో ఒక అర్జీ రాసుకోలేనివాడికీ ఆ తలుపు మూసే ఉంటుందనీ ఆయన చూశారు. 1926 మే 10న గోలకొండ పత్రిక పెట్టారు. గ్రామాధికారుల జులుమూ, వెట్టీ, తెలుగుకు జరిగే అవమానమూ ఆ పత్రికలో అచ్చుకెక్కాయి. కోర్టులో ఒక కక్షిదారు తరఫున మాట్లాడే వకీలు, పత్రికలో ఒక జాతి తరఫున మాట్లాడాడు.

ఆ తరం తెలంగాణ వికాసానికి వకీళ్లు వెన్నెముక అయ్యారు. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని సభలో తెలుగులో మాట్లాడబోతే ఎగతాళికి గురైన ఆలంపల్లి వెంకటరామారావు వకీలే. ఆ అవమానంలోంచి ఆంధ్రజన సంఘం పుట్టింది. దానికి ఊపిరి పోసిన మాడపాటీ వకీలే. పాత పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు కూడా ఆ వృత్తి నుంచే వచ్చి 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు ప్రతాపరెడ్డి. మరుసటి ఏడాది దేవరకొండ సభకు అధ్యక్షుడు బూర్గుల. 1952 ఎన్నికల్లో వనపర్తి ప్రజలు ప్రతాపరెడ్డిని హైదరాబాద్ శాసనసభకు పంపారు. ఆ మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. తాను రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పుస్తకానికి 1955లో వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని అందుకోవడానికి ఆయన లేరు.

కొత్వాలు జీవితానికీ వకీలు జీవితానికీ మధ్య ఒక ముడి ఉంది. కొత్వాలు స్థాపించిన రెడ్డి హాస్టల్‌ను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని నడిపినవాడు ఈ వకీలే. కొత్వాలు జీవితచరిత్ర రాసినవాడూ ఈయనే. ఒకరిది వనపర్తి సీమ, ఒకరిది నడిగడ్డ. ఒకరు నిజాం కొలువులో ఉన్నత పోలీసు అధికారి, మరొకరు నిజాం పాలనలోని అన్యాయాలను పత్రికలో నిలదీసిన సంపాదకుడు. ఆలోచనల్లో తేడాలు ఎన్ని ఉన్నా, పల్లె పిల్లలు చదివే చోట ఇద్దరూ కలిశారు.

అలంపురం ఐపీఎస్

మూడో మనిషి మన కాలంవాడు. ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్‌ది అలంపురం. దళిత కుటుంబంలో పుట్టి, సంక్షేమ హాస్టల్ గదుల్లో చదువుకుని, పశువైద్యంలో పట్టా తీసుకుని, 1995 బ్యాచ్‌లో ఐపీఎస్‌కు ఎంపికయ్యారు. జిల్లా ఎస్పీగా పనిచేశారు. తర్వాత అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాలనాశాస్త్రం చదివి వచ్చాక ఆయన కోరి వెళ్లిన చోటు సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ. పోలీసు శాఖలో పెద్ద కుర్చీలు ఎన్నో ఉండగా హాస్టల్ పిల్లల దగ్గరికి వెళ్లిన ఐపీఎస్ అధికారి అరుదు. 2021 దాకా ఆ సంస్థ కార్యదర్శిగా ఉన్నారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కిన పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఆ గురుకులాల విద్యార్థినే. 2021లో స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి రాజకీయాల్లోకి వచ్చారు. 2024లో నాగర్‌కర్నూల్ నుంచి లోక్‌సభకు పోటీచేసి, వైద్యుడైన మల్లు రవి చేతిలో ఓడిపోయారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించడం, విభేదించడం ఓటరు ఇష్టం. గురుకులాల్లో గడిపిన ఆ ఏళ్ల సంగతి వేరు. హాస్టల్ పిల్లాడి ఆకలీ, అవమానమూ తెలిసినవాడు అదే హాస్టల్‌కు అధికారిగా వస్తే ఏమవుతుందో ఆ ఏళ్లు చూపించాయి.

ముగ్గురూ చేరింది బడి గడపకే

చిన్న కొలువుతో మొదలైన కొత్వాలు, పట్టా చేతికొచ్చిన వకీలు, పశువైద్యం చదివిన ఐపీఎస్. కాలాలు వేరు, కులాలు వేరు, అధికారం ఇచ్చిన ప్రభుత్వాలు వేరు. అయినా ముగ్గురూ తమ వృత్తి చివరికంటా నడిచి చూస్తే ఎదురైనది బడి గడపే. నేరాన్ని పట్టుకునేవాడూ, తగవును వాదించేవాడూ ఇద్దరూ చదువు దగ్గరికి రావాల్సి వచ్చిందంటే, ఈ ప్రాంతపు అన్యాయానికి వేరు ఎక్కడుందో వాళ్లు కనిపెట్టారన్నమాట.

రెండో సంగతి కూడా ఒప్పుకోవాలి. మొదటి ఇద్దరూ భూమీ, పలుకుబడీ ఉన్న కుటుంబాల నుంచి వచ్చారు. రెడ్డి హాస్టల్ పేరులోనే కులం ఉంది. వెట్టి చేసే ఇంటి బిడ్డ, బోయ ఇంటి బిడ్డ, ఆడబిడ్డ ఆ గడప దాటి అధికార పీఠం ఎక్కడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. అలంపురం దళిత బిడ్డ ఐపీఎస్ అయ్యేసరికి స్వరాజ్యం వచ్చి అర్ధశతాబ్దం కావస్తోంది.

మూడో సంగతి ఇంకా ముఖ్యం. ఈ ముగ్గురూ ఎదగడానికి ఊరు వదిలి వెళ్లారు. హైదరాబాద్‌కు, మద్రాసుకు, అమెరికాకు. నడిగడ్డ గొప్పవాళ్లను కని బయటికి పంపింది. లోపల మాత్రం ఠాణాలో, కోర్టులో, కౌన్సెలింగ్ గదిలో కుర్చీలు బయటివాళ్ల కోసం ఎదురు చూస్తూనే ఉన్నాయి. ఇవాళ మన ముందున్న పని ఈ లెక్కను తిరగేయడం.

ఇప్పుడు ఆ కుర్చీకి ఏం కావాలి

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడివడ్డాయి. 2022 జూన్ 2న కొత్త జ్యుడీషియల్ జిల్లాలు మొదలయ్యాక జిల్లా న్యాయస్థానం కూడా దగ్గరికి వచ్చింది. దూరం తగ్గింది. ఇక మనుషుల సంగతి.

కింది కోర్టు జడ్జి కావాలంటే లా పట్టా ఉండాలి. పట్టా చేతికి రాగానే పరీక్ష రాసి పీఠమెక్కే వీలు సుమారు ఇరవయ్యేళ్లుగా ఉండేది. 2025 మే 20న సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలన్న పాత నియమం మళ్లీ వచ్చింది. కక్షిదారు కన్నీళ్లు, కోర్టు వరండాలో పడిగాపులు, వాయిదాల ఖర్చు చూడని మనిషి తీర్పు చెప్పకూడదన్న ఆలోచన ఇందులో ఉంది. పేద ఇంటి నుంచి వచ్చి ఫీజు రాని జూనియర్‌గా మూడేళ్లు నెట్టుకురావడం ఎంత కష్టమో కూడా అంతే నిజం. ఆ మూడేళ్లూ జూనియర్లకు బతుకుతెరువు చూపకపోతే, అనుభవం పేరుతో పెట్టిన నియమం ఉన్నవాళ్ల పిల్లలకే ఉపయోగపడుతుంది.

తెలంగాణలో కానిస్టేబుల్ కొలువుకు ఇంటర్, ఎస్సై కొలువుకు డిగ్రీ చదివి ఉండాలి. ఏ డిగ్రీ అయినా సరే. మనస్తత్వశాస్త్రం చదివిన యువకుడూ, లెక్కలు చదివిన యువతీ ఒకే పరీక్ష రాసి, ఒకే అకాడమీలో శిక్షణ పొంది ఠాణాకు వస్తారు. అందుకే 2015 బాలల న్యాయ చట్టం ఠాణా లోపల ఇంకో ఏర్పాటు చేసింది. ప్రతి ఠాణాలో ఏఎస్సైకి తగ్గని ఒకరు బాలల సంక్షేమ పోలీసు అధికారిగా ఉండాలి. జిల్లా స్థాయిలో డీఎస్పీకి తగ్గని అధికారి కింద ప్రత్యేక బాలల పోలీసు విభాగం ఉండాలి. అందులో పిల్లల కోసం పనిచేసిన అనుభవం ఉన్న ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో ఒక మహిళ ఉండాలి. ఠాణాలో పిల్లల సంగతి చూసేది ఎవరని అడిగితే ఒక పేరు చెప్పగలగాలి. ఆ పేరు గట్టులో ఎందరు తల్లులకు తెలుసు?

ఆ పన్నెండేళ్ల పిల్ల సంగతికి వస్తే, ఆమెను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబెట్టాలి. ఇందులో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. కనీసం ఒక మహిళ. ఈ కమిటీకి మొదటి తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలున్నాయి. నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. పిల్ల ఇంటికి వెళ్లాలా, హాస్టల్‌కు వెళ్లాలా, ఎవరి సంరక్షణలో ఉండాలి అన్నది వీళ్లే తేలుస్తారు. అంత అధికారం ఉన్న ఈ కమిటీలో ఉండేవాళ్లు లాయర్లే కానక్కర్లేదు. విద్య, ఆరోగ్యం, సామాజిక సేవ, సమాజశాస్త్రం, బాలల మనస్తత్వశాస్త్రం, దివ్యాంగ పిల్లల ప్రత్యేక విద్య లాంటి వాటిలో డిగ్రీ ఉండి, పిల్లల చదువు, ఆరోగ్యం, సంక్షేమం కోసం ఏడేళ్లు పనిచేసినవాళ్లు అర్హులు. ఈ రంగాల్లో పట్టా ఉండి వృత్తి చేస్తున్నవాళ్లూ అర్హులే. పిల్లల హక్కులను ఉల్లంఘించిన చరిత్ర ఉన్నవాళ్లను, ఆ జిల్లాలో పిల్లల ఆశ్రమ నిర్వహణలో ఉన్నవాళ్లను చట్టం దూరం పెట్టింది.

నేరంలో చిక్కుకున్న పిల్లల సంగతి చూసే జువైనల్ జస్టిస్ బోర్డులోనూ ఇదే పద్ధతి. మూడేళ్ల అనుభవం ఉన్న మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. వాళ్లలో ఒకరు మహిళ కావాలి. నల్లకోటు పక్కన బడి పంతులమ్మకో, పిల్లల ఆరోగ్యం చూసిన మనిషికో సమానంగా కుర్చీ వేసిన చట్టం ఇది.

కౌన్సెలింగ్ పేరుతో జరిగేది

మూడు కుర్చీల్లో అన్నిటికన్నా తేలిగ్గా చూసేది కౌన్సెలర్ కుర్చీని. భార్యాభర్తలను ఠాణాకు పిలిపించి, ఇద్దరినీ చెరో మాట అని, కాగితం మీద సంతకాలు పెట్టించి పంపించేస్తే దానికీ కౌన్సెలింగ్ అనే పేరు పెట్టేస్తున్నాం. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ చెప్పే ‘సర్దుకుపోవాలమ్మా’ అన్న మాటే ఠాణాలో యూనిఫాం వేసుకుని వినిపిస్తే ఆ ఆడకూతురు ఇంకెక్కడికి పోవాలి?

చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 2005 గృహహింస నిరోధక చట్టం కింద పెట్టిన నియమాల ప్రకారం, ఆ తగవుతో సంబంధం ఉన్నవాళ్లు, ఇరుపక్షాలకు చుట్టాలైనవాళ్లు, ఎదుటి పక్షం తరఫున ఆ కేసు వాదించిన లాయరు కౌన్సెలర్‌గా ఉండకూడదు. వీలైనంతవరకు మహిళ ఉండాలి. కొట్టినవాడు ‘నేను కొట్టడానికి ఇదీ కారణం’ అని సమర్థించుకునే వీలు కూడా ఆ గదిలో ఉండకూడదు. ఊరి పంచాయితీకీ, కౌన్సెలింగ్‌కూ ఉన్న తేడా అంతా ఈ ఒక్క నియమంలో ఉంది. పంచాయితీలో ముందు అడిగేది ఆడమనిషి ఏం తప్పు చేసిందని. కౌన్సెలింగ్‌లో ఆ ప్రశ్నకే తావు లేదు.

1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం కూడా ఈ దిక్కులోనే ఆలోచించింది. రాజీ కుదర్చడంలో, కౌన్సెలింగ్‌లో అనుభవమున్నవాళ్లను జడ్జీలుగా ఎంచుకోవాలనీ, మహిళలకు ప్రాధాన్యమివ్వాలనీ చెప్పింది. ఆ కోర్టులో లాయరును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కుగా రాదు. వాదన కన్నా వినడం ముఖ్యమన్న ఆలోచన అది. వినడానికీ చదువు కావాలి. దెబ్బ తిన్న మనిషి మొదటి రోజు నిజమంతా చెప్పదని తెలియాలి. పిల్ల మౌనం ఒప్పుకోలు కాదని తెలియాలి. గట్టులో ఆ పిల్ల కన్నడం కలిసిన తెలుగులో మాట్లాడితే అర్థం కావాలి.

ఎమ్మెల్యే చదువు తెలుసు, వీళ్లది తెలియదు

మన నాయకుల వృత్తుల గురించి మనకు బాగానే తెలుసు. వనపర్తి నుంచి గెలిచి 2019 నుంచి 2023 దాకా వ్యవసాయ మంత్రిగా ఉన్న సింగిరెడ్డి నిరంజన్‌రెడ్డి న్యాయవాది. 2023లో నాగర్‌కర్నూల్ నుంచి గెలిచిన కూచుకుళ్ల రాజేశ్‌రెడ్డి దంతవైద్యుడు. అదే ఏడాది అచ్చంపేట నుంచి గెలిచిన చిక్కుడు వంశీకృష్ణ వైద్యుడు. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అభ్యర్థి తన చదువునూ, కేసులనూ, ఆస్తులనూ అఫిడవిట్‌లో చెప్పి తీరాలి. ఓటరు అడగకుండానే ఆ సమాచారం బయట ఉంటుంది.

ఒక పిల్ల బతుకును ఒక్క పూటలో మార్చగల బాలల సంక్షేమ కమిటీ సభ్యులు ఎవరు? వాళ్లు ఇంతకుముందు టీచర్లా, నర్సులా, లాయర్లా? ఏడేళ్ల అనుభవం ఎక్కడిది? కౌన్సెలర్ ఏం చదివారు? ఈ ప్రశ్నలకు జవాబు గట్టు బస్టాండులో నిలబడ్డ మనిషికి దొరకదు. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ మాత్రం అధికారుల వివరాలనూ, బోర్డుల, కమిటీల వివరాలనూ ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తామే ప్రకటించాలని చెబుతోంది. ఎవరో అర్జీ పెట్టేదాకా ఆగాల్సిన పని లేదు. మండల కార్యాలయం గోడ మీద, ఠాణా గోడ మీద, బడి గోడ మీద నాలుగు పేర్లు, వాళ్లు వచ్చిన వృత్తి, కలవాల్సిన చోటు పెద్ద అక్షరాల్లో రాయించడానికి డబ్బా రంగు చాలు. చదవలేని వాళ్ల కోసం గ్రామసభలో ఆ పేర్లు చదివి వినిపించాలి.

ఊరు దాటకుండానే పీఠం

శతాబ్దం కిందట రాయణిపేట బిడ్డకు, ఇటిక్యాలపాడు బిడ్డకు అధికార పీఠం చేరాలంటే పట్నం దారి ఒక్కటే ఉండేది. ఇవాళ చట్టం ఇంకో దారి చూపించింది. గట్టు మండలంలోని బల్గెరలోనో, ఆరగిద్దలోనో, మాచర్లలోనో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన టీచరమ్మ, ఊరూరూ తిరిగి పిల్లల ఆరోగ్యం చూసిన నర్సు, బాలకార్మికులను బడిలో చేర్పించిన కార్యకర్త... డిగ్రీ ఉంటే, ఆ ఏడేళ్ల అనుభవం ఉంటే, ఊరు వదలకుండానే మేజిస్ట్రేట్‌తో సమానమైన అధికారాలున్న పీఠం మీద కూర్చోవచ్చు. సీడ్ పత్తి క్రాసింగ్ అంటే ఏమిటో ఆమెకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ పిల్ల చేతివేళ్లు చూస్తే చాలు.

డిగ్రీ లేనివాళ్లకూ ఒక గడప ఉంది. న్యాయ సేవాధికార సంస్థలు పారాలీగల్ వలంటీర్లను తీసుకుంటాయి. పదో తరగతి చదివినవాళ్లకు ప్రాధాన్యం. శిక్షణ ఇచ్చి, ఊరికీ కోర్టుకూ మధ్య నిలబెడతాయి. అంగన్‌వాడీ టీచరు, స్వయం సహాయక సంఘం లీడరు, మగ్గం నేసే ఇంటి యువతి ఎవరైనా కావచ్చు. ఈ సంస్థలు నడిపే లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది. దాని మీద అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఆ బల్ల మీద న్యాయాధికారి పక్కన కూర్చోవడానికి సామాజిక కార్యకర్తలకూ చోటుంది.

ఈ దారి ముందు ఒక పెద్ద అడ్డు ఉంది. నడిగడ్డ నొప్పి బాగా తెలిసినవాళ్లకు డిగ్రీ లేదు. డిగ్రీ ఉన్నవాళ్లు ఊళ్లో ఉండడం లేదు. చదువులో అట్టడుగున ఉన్న జిల్లాలో డిగ్రీ నియమం పెడితే కుర్చీ మళ్లీ పట్నంవాడికే పోతుంది. నియమాన్ని తగ్గించడం దీనికి మందు కాదు. పిల్లల బతుకులు తేల్చే చోట చదువు కావాల్సిందే. మందు ఏమిటో కొత్వాలూ, వకీలూ, ఐపీఎస్ అధికారీ ముందే చెప్పారు. పిల్లలకు హాస్టల్, బడి, పుస్తకం.

అందుకే ఈ కథనం మూడు పనులు అడుగుతోంది. మొదటిది జిల్లా యంత్రాంగాన్ని. కమిటీలకు, బోర్డులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు అది వెబ్‌సైట్‌లో పడి ఉండకూడదు. గట్టు, మల్దకల్, అయిజ మండలాల బడులకు, ఆరోగ్య కేంద్రాలకు చేరాలి. అర్హులైన టీచర్లు, నర్సులు, కార్యకర్తలు దరఖాస్తు చేసేలా వెంటపడాలి. రెండోది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బార్ అసోసియేషన్లను. మూడేళ్ల ప్రాక్టీసు నియమం తిరిగి వచ్చాక పల్లె నుంచి వచ్చిన జూనియర్ లాయర్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఆ మూడేళ్లూ నెల జీతం ఇచ్చే ఏర్పాటు చేయాలి. రేపటి జడ్జీలు వాళ్లలోంచే రావాలి. మూడోది తల్లిదండ్రులను. డిగ్రీ పూర్తయిన ఆడబిడ్డను పెళ్లి వయసు దాటిపోతోందని తొందరపెట్టకండి. లాసెట్ రాసి మూడేళ్ల లా చదివితే, లేదా సోషల్ వర్క్‌లో పీజీ చేసి ఊళ్లో పిల్లల కోసం పనిచేస్తే, ఇంకో పదేళ్లకు మీ ఊరి తగవు తీర్చే పీఠం మీద మీ బిడ్డే ఉంటుంది.

ఆ రోజు వచ్చేదాకా ఠాణాలో ఉన్న బాలల అధికారి పేరు అడుగుదాం. కమిటీలో కూర్చున్నవాళ్ల అనుభవం అడుగుదాం. కౌన్సెలింగ్ అంటే సర్దుబాటు కాదని ఎదురు చెబుదాం. అడిగే ఊరికే న్యాయం దగ్గరవుతుంది. నడిగడ్డ ఇంతకాలం గొప్పవాళ్లను బయటికి పంపింది. ఇకమీదట ఇక్కడే కూర్చోబెట్టుకోవాలి.

ఈ నంబర్లు ఇంటి గోడ మీద రాసుకోండి

1098: ఆపదలో ఉన్న పిల్లల కోసం. బాలకార్మికులు, బాల్యవివాహం, తప్పిపోయిన పిల్లల విషయంలో ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

181: మహిళల సహాయవాణి. సఖి కేంద్రానికి, పోలీసులకు, వైద్యానికి దారి చూపుతుంది.

15100: ఉచిత న్యాయ సహాయం. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవాళ్లు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరును ఉచితంగా పొందవచ్చు. ఈ హక్కు న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లోని 12వ సెక్షన్ ఇచ్చింది.

14416: టెలీ మానస్. మనసు కుంగిపోయినప్పుడు, చావు ఆలోచనలు వచ్చినప్పుడు శిక్షణ పొందిన కౌన్సెలర్‌తో తెలుగులో మాట్లాడవచ్చు.

112: ఏ ఆపదకైనా. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక దళం.